నవమి నాడు ఆపిన సర్వర్

మా ఇంటి ముందర గదిల ఒకప్పుడు గుంట మగ్గాలు ఉండె. నాందేడ్‌ల మా గల్లీ అంతా తెలుగోళ్లే, అందరు నేత మీద బతికినోళ్లే. మగ్గాలు మూతబడ్డంక ఆ గుంటలు మట్టితోని పూడిపించి పైన బండలు పరిపించిన. గది కొన్నేండ్లు ఊకెనే పడి ఉండె. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల మా కోడలు అండ్ల కంప్యూటర్ క్లాసు పెట్టింది.

కోడలు ధర్మాబాద్ పిల్ల, బీఎస్సీ సదివింది. నా కొడుకు భోకర్‌ల ధాన్యం దలాలీ చేసేటోడు, పొద్దుగాల బస్సుకు పోతే మాపటికి అచ్చేటోడు. క్లాసు సంగతి వానికి పట్టేది కాదు. మిషన్లు తెప్పిచ్చుడు, వైర్లు గుంజుడు, పిల్లలకు చెప్పుడు, అన్ని ఆమెనే.

మిషన్లు ఎట్ల ఉండెనో చెప్పాలె, లేకుంటే ఈ కథ తెలువది. మూలకు ఒక పెద్ద డబ్బ, దాన్ని సర్వర్ అనేటోళ్లు. గోడ పొంటి నాలుగు చిన్నయి. ఆ నాలుగింటి పొట్టల ఏం ఉండది, అండ్ల సామాను దాసిపెట్టే డిస్క్ లేదు. మీట నొక్కంగనే అవి వైరు మీదికెళ్లి సర్వర్‌ను పిలుస్తయి, "నేను లేసిన, నాకు కావల్సింది పంపు" అని. సర్వర్ పంపితే నడుస్తయి. పంపకుంటే నల్ల తెర మీద ఒక్కొక్క చుక్క పెట్టుకుంట ఎదురుచూస్తయి. ఇట్లయితే తక్కువ పైసలల్ల, సస్తల పడ్తదని కోడలు ఆ పద్ధతి పెట్టింది. లైట్ పోతే సర్వర్ ఇన్వర్టర్ మీద నడిచేది. తెచ్చినప్పటి సంది అది ఎన్నడు బందు కాలే.

ఇగ నా సంగతి. నేను అక్షరాలు నేర్సుకున్నది యాభై దాటినంక. పెద్దోళ్లకని పొద్దుగూకినంక బడి నడిపేటోళ్లు, అక్కడ మరాఠీ నేర్సిన. తెలుగు మా గుడిల భజన పుస్తకాలు ముందర పెట్టుకొని నేర్సిన. బడోళ్లు నాకు శాలువ కప్పిన్రు. అప్పటి నుంచి నా నోరు ఆగలే. దుకాణం బోర్డులు గట్టిగ సదివేటోన్ని, బస్సుల మీద ఊర్ల పేర్లు సదివేటోన్ని. ఒకసారి బస్టాండ్‌ల బస్సు ముందర నిలబడి "ముఖేడ్!" అని సదివితే, ఎక్కుతున్న ఒకాయన నా దిక్కు తిరిగి, "తెలుసు కాకా, అందుకే ఎక్కుతున్న" అన్నడు. గంత చెడ్డ ఆర్భాటం నాది. ఇంగ్లీషు మాత్రం రాకపోయేది. ఆ మాట ఎవ్వరు అడుగలే, నేను చెప్పలే.

ఇంకొకటి. మాదాంట్ల, అంటే మా నేతోళ్లల్ల, కోడలు మామ ముందర కూసోదు, మామతోని ఎదురుంగ మాట్లాడది. ఏమన్న చెప్పాల్నంటే అత్తకు చెప్పాలె, అత్త మామకు చెప్పాలె. మామ పక్కనే నిలబడి ఉన్నా గంతే. ఆ రీతి నేను పెట్టింది కాదు. గని నాకది మంచిగనే అనిపిచ్చేది. క్లాసు నడిచినంత సేపు నేను గడప కాడ కుర్చీ ఏసుకొని పేపరు పట్టుకొని కూసునేటోన్ని. నేను కూసున్నంత సేపు ఆమె నిలబడే ఉండేది. పిల్లల ఎనుక నిలబడి, వంగి, వాళ్ల భుజాల మీదికెళ్లి చెయ్యి సాపి చూపెట్టేది. టీచర్లు నిలబడే చెప్తరు గద అనుకునేటోన్ని. సాయంత్రం మా ఇంటామె ఆమె నడుముకు జండూబామ్ రాస్తుంటే గూడ నాకు ఎందుకో అని తట్టలే.

ఆ ఏడు దసరాకు ముందర సర్కారు కంప్యూటర్ పరీక్షకు మా క్లాసును సెంటర్ చెయ్యమని కోడలు అర్జీ పెట్టింది. సెంటర్ మంజూరు అయితే పిల్లలు అస్తరు, లేకుంటే ఎవ్వరు రారు, పక్క గల్లీల సెంటర్‌కు పోతరు. పండుగ తెల్లారి తపాసణీకి, అంటే తనిఖీకి, సాహెబు అస్తడని కబురు అచ్చింది. ఆ మాట వినంగనే నా కొడుకు అన్నం కాడ తల ఎత్తకుంటనే అన్నడు, "ఈ తాప కాకుంటే క్లాసు బంద్. ఆ గదిల సోయా బస్తాలు పెట్టుకుంట. నాకు జాగ సాలుతలేదు."

కోడలు వంటింట్ల గిన్నెలు తోముతుండె. ఆ సప్పుడు ఆగింది, మళ్ల మొదలైంది. గంతే.

నవమి నాడు మేం ఆయుధాలకు పూజ చేస్తం. మగ్గాలు ఉన్నప్పుడు నూలు అటు ఇటు పారించే నాడె కడిగి, పసుపు పెట్టి, దేవుని ముందర పెట్టేటోళ్లం. దశమి దాటేదాంక మగ్గం మీద ఎవ్వరు చెయ్యి పెట్టేటోళ్లు కాదు. పనిముట్టుకు గూడ ఆరామ్ ఉండాలె. ఆ ఏడు నేను పూజ పళ్లెం పట్టుకొని ముందర గదిలకు పోయేసరికి నాలుగు చిన్న మిషన్లు బంద్ అయి ఉన్నయి. పెద్దది గుయ్యిమని నడుస్తుంది.

"ఇదేంది, ఇది నడుస్తుంది?" అని మా ఇంటామెను అడిగిన.

కోడలు తలుపు ఎనుకకెళ్లి అన్నది, "అత్తమ్మా, మామకు చెప్పుండ్రి, చిన్నయి బందు చేసిన. పెద్దదాన్ని నడువనియ్యుండ్రి. ఎన్నడు బందు చేసింది కాదు. ఎల్లుండి సాహెబు అస్తడు."

"ఇన్నవా?" అన్నది మా ఇంటామె.

"ఇన్న. పండుగ నాడు గూడ పని చేస్తే అది పనిముట్టా, గులామా? మా నాయిన జరం అచ్చినా నవమి నాడు మగ్గం ముట్టలే. బందు చెయ్యమను."

"ఒక్క రోజుకు ఏమైతదయ్యా, ఆ పిల్ల చెప్తుంటే..."

"ఒక్క రోజుకు ఏమైతది, నేను గూడ గదే అంటున్న!"

గల్లీల పూజకు అచ్చిన నలుగురు గడప కాడ నిలబడి ఉన్నరు. వాళ్ల ముందర కోడలు మాట నడిస్తే నా మీసం ఏం గావాలె? గట్టిగనే అన్న. కోడలు వంగి, ఏవో మీటలు కొట్టి, దాన్ని పద్ధతి ప్రకారం పండవెట్టింది. నేను పోయి గోడల ప్లగ్గు పీకిన. వైరు సుట్టి, నాడె పెట్టినట్టు పళ్లెం పక్కన పెట్టిన. డబ్బకు కుంకుమ బొట్లు పెట్టి, తెల్లారి పైన జమ్మి ఆకు ఏసిన.

పండుగ పోయింది. సాహెబు అచ్చే రోజు పొద్దుగాల కోడలు తానం చేసి అచ్చి ప్లగ్గు పెట్టి మీట నొక్కింది. లోపట పంకా తిరిగింది, పచ్చ లైటు ఎలిగింది. తెర మాత్రం బొగ్గు లెక్క నల్లగ. ఇంకొకసారి నొక్కింది, గంతే. చిన్నయి నాలుగు ఎలిగిచ్చింది. వాటికి అక్షరాలు అచ్చినయి, చుక్కలు మొదలైనయి. ఒక్కొక్కటి, ఒక్కొక్కటి. సర్వర్ పలుకలే.

ఆమె మూత ఇప్పింది. తెరకు బొమ్మ పంపే కార్డు బయటికి తీసి, దువ్వెన పండ్ల లెక్కున్న దాని పసిడి గీతలను పిల్లల రబ్బరుతోని తుడిచి, మళ్ల పెట్టింది. ఏం లేదు.

"పసుపు నీళ్లు గిట్ల లోపటికి పోయినయా?" అని మా ఇంటామె నన్నే చూసుకుంట అడిగింది.

"నేను నీళ్లు సల్లలే. కుంకుమ పెట్టిన. ఎవ్వల్లన్న కుంకుమకు సస్తరా?"

గంతల్నే సాహెబు దిగిండు. సంకల సంచి, చేతిల రుమాలు. నాలుగు తెరల మీద చుక్కలు చూసిండు, మూత ఇప్పి ఉన్న డబ్బ చూసిండు. నా చేతికి పండుగ కంకణం ఇంకా ఉండె.

"కాయ్ ఝాలం?" ఏమైందని అడిగిండు.

కోడలు నా దిక్కు చూడలే. "లైట్ గేలీ హోతీ సర్," అన్నది. లైట్ పోయిందట.

"ఇన్వర్టర్ ఉన్నట్టుంది గద?" అన్నడు మరాఠీల, మూలకు చూసుకుంట.

"దాని బ్యాటరీ గూడ దిగిపోయింది సర్."

ఒక అబద్ధం మీద ఇంకొక అబద్ధం. అబద్ధం ఆడే పిల్ల కాదు ఆమె. నేను పక్కనే ఉన్న, నా నోట్ల నాలుకె ఉన్నది, మరాఠీ మంచిగ అస్తది. "లైట్ కాదు సాహెబ్, నేను పీకిన" అంటే అయిపోతుండె. అనలే. కోడలు కొంగు సాటున దాక్కున్న పిల్లగాని లెక్క నిలబడ్డ.

సాహెబు గడియారం చూసుకున్నడు. "ఇంకొక సెంటర్ చూసి, తిని అస్త. అప్పటికి నడువాలె. నడువకుంటే నేను రాసేది నేను రాస్త, మీరు అచ్చే ఏడు చూసుకోండ్రి," అని పోయిండు.

కోడలు కొంగు నడుముకు చెక్కింది. సర్వర్ పెట్టిన బల్ల గోడకు ఆనించి ఉండేది, దాని ఎనుకకు పోవాల్నంటే ఒక్క మనిషి ఒత్తుకొని దూరాలె. దూరినంక తెర కనబడది. అందుకని తెర ముందర ఇంకొకరు ఉండాలె. గదిల ఉన్నది నేను. గడప కాడ మా ఇంటామె.

"అత్తమ్మా, మీట నొక్కినంక ఒక్క కూత కూసింది. ఒక్క కూత అంటే లోపట అంత బాగనే ఉన్నట్టు. బొమ్మ తయారైతుంది, గని వేరే దిక్కు పోతున్నట్టుంది. తెర మీద ఏమన్న అస్తుందా అడుగుండ్రి."

"ఏమయ్యా, ఏమన్న అస్తుందా?"

"ఏం లేదని చెప్పు."

"ఏం లేదట బిడ్డా."

"మానిటర్ వైరు కొద్దిగ ఇటు జరుపుమని చెప్పుండ్రి."

"వైరు జరుపుమంటుంది."

"ఎటు జరుపాలె, అడుగు."

"ఎటు జరుపాలె అంటుండు."

వంటింట్ల పాలు పొంగిన వాసన అచ్చింది. మా ఇంటామె రెండు చేతులు నడుము మీద పెట్టుకున్నది. "నేనేమన్న టెలిఫోన్ ఎక్స్చేంజా? మీ ఇద్దరి నడుమ బెత్తెడు జాగ లేదు. మాట్లాడుకుంటే మాట్లాడుకోండ్రి, లేకుంటే సోయా బస్తాలు పెట్టుకోండ్రి!" అని లోపటికి పోయింది.

మిగిలింది మేమిద్దరం. నేను తెర ముందర కుర్చీల, ఆమె బల్ల ఎనుక బండల మీద.

ఆ డబ్బకు ఎనుక మానిటర్ పెట్టే సందులు రెండు ఉండెనట. ఒకటి డబ్బతోని అచ్చింది, దాంట్ల బొమ్మ వణికేది. అందుకే ఆమె తర్వాత వేరే కార్డు పెట్టింది, అది రెండోది. కొత్తదాంట్లనే ఇన్నొద్దులు నడిచింది. ఇప్పుడు వైరును కార్డుకెళ్లి తీసి పాత సందులకు మార్చింది. మార్చంగనే తెర ఎలిగింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, నీళ్లల్ల చూసినట్టు వణుక్కుంట. రెండు మూడు వరుసలు అచ్చి ఆగినయి.

అన్ని ఇంగ్లీషువి.

"ఏమన్న అచ్చిందో..." అన్నది కోడలు, నన్ను కాదు, గోడను అడిగినట్టు.

అచ్చింది అంటే, ఏం రాసి ఉన్నదో అని అడుగుతది. బస్సు బోర్డులు సదివే మనిషిని, శాలువ కప్పిచ్చుకున్న మనిషిని, ఏమని చెప్పాలె? గొంతు సవరిచ్చుకున్న. నేను మాట్లాడకపోయేసరికి తెర నల్లగనే ఉన్నదని అనుకున్నది ఆమె. వైరు పీకింది. తెర మళ్ల నల్లగైంది. పీకిన వైరును పాత జాగల, కార్డుకే పెట్టి, కార్డు మర ఇప్పబట్టింది.

నేను చూసుకుంటనే ఉన్న. దొరికినదాన్ని నా కండ్ల ముందర పారేసింది, నేను కూసొని చూసిన. ఆమె కార్డు తీసింది, తుడిచింది, ఇంకొక జాగల పెట్టి చూసింది. టైము పోతనే ఉన్నది. బల్ల కింది నుంచి ఆమె మోచెయ్యి కనబడ్తుండె, ఇనుప రేకు గీసుకొని నెత్తురు గీత. కొంగు నిండ దుమ్ము, జుట్టుల సాలెగూడు. అబ్బ అనలే, అమ్మ అనలే. బల్ల అవతల ఉన్నది మామ గద, మామకు నొప్పి ఇనబడొద్దు.

గప్పుడు ఇగ ఊకెనే చూసుడు నాతోని కాలే.

"ఇందాక అచ్చినయి," అన్న. నా గొంతు నాకే కొత్తగ ఇనబడ్డది. "అక్షరాలు అచ్చినయి. వైరు అటు మార్చినప్పుడు. ఇంగ్లీషువి. నాకు రావు."

బల్ల ఎనుక సప్పుడు ఆగింది.

"అచ్చినయా మామా?" అన్నది. పెండ్లయి ఇంటికి అచ్చినప్పటి సంది నన్ను ఎదురుంగ పిలిచింది గదే మొదటి తాప. గొంతుల కోపం లేదు, నవ్వు లేదు. పని ఉన్నది. "మళ్ల మారుస్త. ఎట్లున్నయో చెప్పుండ్రి సాలు, సదువుడు వద్దు."

మార్చింది. తెల్ల అక్షరాలు మళ్ల వణుక్కుంట అచ్చినయి.

"ఏం చెప్పాలె?"

"ఆఖరి వరుస చూడుండ్రి. జెండా కట్టె లెక్క ఒకటి ఉన్నదా? కట్టెకు రెండు గీతలు, ఒక్క దిక్కే."

చూసిన. ముక్కు తెరకు ఆనినంత దగ్గరికి వంగి చూసిన. "ఉన్నది. దాని పక్కకు ఒకటి అంకె."

"అదే మామా, ఎఫ్ వన్ మీట. దాన్ని నొక్కుమని అడుగుతుంది. మనకు కనబడక, మనం నొక్కక అది గట్లనే ఆగి ఉన్నది. ఏం ముట్టకుండ్రి, నేనస్త."

బయటికి అచ్చింది. నేను కుర్చీల నుంచి లేచిన. కుర్చీ ఖాళీగ ఉన్నది, ఆమె కూసోలే. దాని పక్కన నిలబడి, వంగి, మీటలు కొట్టింది. బయాస్ అనే నీలం రంగు పేజీ అచ్చింది. అండ్ల తారీఖు ఎన్నో ఏండ్ల ఎనుకకు పోయి ఉన్నదట. డబ్బ లోపట గుండీ అంత బ్యాటరీ ఒకటి ఉంటదట, డబ్బకు మతి నిలబెట్టేది గదేనట. అది ఎప్పుడో సచ్చింది. గోడ కరెంటు ఉన్నంత సేపు ఎవ్వలికి తెలువలే. ప్లగ్గు పీకినంక అది అన్ని మరిచిపోయింది, బొమ్మ ఏ సందులకు పంపాల్నో గూడ.

"పండుగది తప్పు కాదు, బ్యాటరీది," అన్నది తెర దిక్కు చూసుకుంట. నన్ను తప్పించెటందుకే ఆ మాట. తిట్టినా నాకు గంత గుచ్చుకోకపోతుండె.

బొమ్మను కార్డుకు తిప్పింది. నేను ఎనుకకు పోయి వైరు మార్చిన. తెర నిలకడగ ఎలిగింది, సర్వర్ లేసింది. ఇగ అయిపోయిందనుకున్న. గని గోడ పొంటి నాలుగింటి మీద చుక్కలు ఆగలే. పిలుస్తనే ఉన్నయి, సర్వర్ లేసి గూడ పలుకుతలేదు.

"ఇప్పుడేమైంది?" అని నేనే అడిగిన, ఎదురుంగనే. మా ఇంటామె వంటింటి గడప కాడికి అచ్చి మూతి మీద ఏలు ఏసుకున్నది.

"నెట్ కార్డుకు ఒక నంబరు రాసి పెట్టాలె మామా. ఆ నంబరు మీదనే డబ్బ దాని మాట వింటది. అన్ని మరిచిపోయింది గద, ఆ నంబరునే ఇంకొక కార్డుకు గూడ ఇచ్చింది. ఇప్పుడు ఇద్దరిది ఒక్కటే నంబరు. ఎవ్వల మాట ఇనబడది."

మళ్ల నీలం పేజీలకు పోయింది. అన్ని నంబర్లు ఒక్కొక్కటి చూసి, ఒకదాన్ని నెట్ కార్డుకే పట్టి ఉంచింది. డబ్బ మళ్ల లేసింది. నేను మొదటి చిన్న మిషన్ కాడ నిలబడ్డ. చుక్క, చుక్క, ఇంకొక చుక్క. తర్వాత తెర మీద వరుసలు జల్లున దిగినయి. ఎనుకనే రెండోది, మూడోది, నాలుగోది. కోడలు మోచెయ్యి కొంగుతోని అదుముకొని నిలబడ్డది. మొఖం మీద చెమట, అండ్లనే నవ్వు. మా ఇంటామె, "రోగం దొరికిందా? నీ సంసారం సల్లగుండ!" అన్నది.

సాహెబు తిని అచ్చిండు. మిషన్లన్ని బందు చేపిచ్చి మళ్ల పెట్టిచ్చిండు, అన్ని లేసినయి. తల ఊపిండు. "ఇప్పుడు మేడం, మీరు టైపు చేసి చూపెట్టుండ్రి. బసా." కూసోమన్నడు.

కోడలు నిలబడే వంగి టైపు చేసింది.

"బసా నా."

కూసోలే. నిలబడే, "చూడుండ్రి సర్," అన్నది. వంగి కొడ్తుంటే ఏళ్లు తప్పుతున్నయి, తప్పు పడ్డ అక్షరాలు తుడిచి మళ్ల కొడ్తుంది.

సాహెబు మొఖం మారింది. సంచి మూసిండు. "చెప్పెటోళ్లు మీరేనా, ఇంకెవ్వలన్న ఉన్నరా? నాకు రోజు కనబడ్తయి ఇసొంటి సెంటర్లు. సర్టిఫికెట్ ఒకరిది, క్లాసు చెప్పేది ఇంకొకరు. సొంత కుర్చీల కూసునెటందుకు గూడ భయపడే టీచర్‌ను ఏడ చూడలే నేను."

కోడలు తల వంచింది. ఆమె ఏం చెప్తది? చెప్తే నా ఇజ్జత్ పోతది, చెప్పకుంటే ఆమె క్లాసు పోతది. పొద్దున నా కోసం రెండు అబద్ధాలు ఆడిన నోరు, ఇప్పుడు మూసుకొనే ఉన్నది. క్లాసు పోయినా చెప్పది. అది నాకు తెలిసింది, తెలిసి సిగ్గైంది.

"సాహెబ్," అన్న మరాఠీల. "చెప్పేది ఆమెనే. నేను మామను. మాదాంట్ల కోడలు మామ ముందర కూసోదు. అందుకే నిలబడ్డది."

సాహెబు నన్ను కింది నుంచి మీదికి చూసిండు. గట్టిగ ఏం అనలే. మామూలుగనే, సంచి మళ్ల తెరుసుకుంట అన్నడు, "మగ్ తుమ్హీ బాహేర్ జా నా."

అయితే మీరే బయటికి పోండ్రి.

గంత అల్కటి పని. ఇన్నేండ్లు నా తలకాయకు తట్టని పని. నా ఇంట్ల, నా గదిలకెళ్లి, నన్ను బయటికి పంపిండు. నేను పోయిన. గడప దిగుతుంటే "కూసో బిడ్డా" అనాలె అనిపిచ్చింది. అనలే. ఎండల గోడ పక్కన నిలబడ్డ. లోపట కుర్చీ గుంజిన సప్పుడైంది, ఎనుకనే మీటలు ఆగకుంట టకటక కొట్టిన సప్పుడు.

సెంటర్ మంజూరు అయింది. మాపటికి నా కొడుకు అచ్చినంక మా ఇంటామె అంత చెప్పింది, ప్లగ్గు సంగతితోని సహా. వాడు నవ్విండు. సోయా బస్తాల మాట మళ్ల ఎత్తలే. కోడలు నాకు అన్నం ఎప్పటి లెక్కనే పెట్టింది, మాట ఎప్పటి లెక్కనే అత్తకు చెప్పింది. "మామా" అన్న పిలుపు ఆ ఒక్క పొద్దుకే.

అప్పటి సంది క్లాసు టైముకు నేను కుర్చీ పట్టుకొని బయటికి పోయేటోన్ని. గల్లీల పోయెటోళ్లు, "ఏం కాకా, ఎండల కూసున్నవ్?" అంటే, "గాలి కోసం" అనేటోన్ని. వైశాఖంల గూడ గాలి కోసమే. మా ఇంటామె ఒకసారి మంచినీళ్ల సెంబు నా చేతిల పెట్టుకుంట అన్నది, "మాడు పగిలేదాంక గీ ఎండల కూసుంటవ్ గని, లోపట ఉండి 'కూసో బిడ్డా' అని ఒక్క మాట అనవ్."

నీళ్లు తాగి సెంబు ఆమెకు ఇచ్చిన. లోపట కోడలు కూసొని పిల్లలకు పాఠం చెప్తుండె.